పాత షెవెల్‌కు ఏ కార్బ్యురేటర్: హాలీయా, ఎడెల్‌బ్రాకా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉంటున్నాను. కిందటి ఏడాది 1972 నాటి షెవర్లే షెవెల్ కొన్నాను. 350 ఘనపుటంగుళాల వీ-8 ఇంజన్, టర్బో హైడ్రమాటిక్ 350 గేర్‌బాక్స్. పాత యజమాని సిలిండర్లకు మిశ్రమాన్ని పంచే అల్యూమినియం మానిఫోల్డ్ వేయించి, దానిమీద గాలినీ పెట్రోల్‌నూ కలిపే 750 సీఎఫ్ఎం డబుల్ పంపర్ కార్బ్యురేటర్ బిగించాడు. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతోంది. పొగకు కళ్లు మండుతున్నాయి. ఎండాకాలంలో దుకాణం ముందు పది నిమిషాలు ఆపి మళ్లీ తాళం తిప్పితే ఒక పట్టాన అందుకోవడం లేదు. డ్రైవ్‌లో పెట్టి ఐడిలింగ్‌లో చూస్తే మానిఫోల్డ్ వాక్యూమ్ (పాదరసం కొలతలో) 14 అంగుళాలు ఉంది. నేను రేసులకు వెళ్లను. వారానికి రెండు రోజులు ఆఫీసుకూ, ఆదివారాలు పిల్లలతో షికారుకూ ఈ కారు వాడతాను. మిత్రుల్లో సగం మంది హాలీ కంపెనీది కొనమంటున్నారు, తక్కిన సగం ఎడెల్‌బ్రాక్ కంపెనీది అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: బ్రాండు కన్నా ముందు పరిమాణం తేల్చుకోవాలి, ఎందుకంటే మీరు రాసిన ఇబ్బందుల్లో మొదటి రెండింటికీ మూలం చాలావరకు అక్కడే ఉంది. సీఎఫ్ఎం అంటే ఆ కార్బ్యురేటర్ గుండా నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోగలదనే లెక్క. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలిని పీల్చుకుంటుంది. ఒక ఘనపుటడుగులో 1728 ఘనపుటంగుళాలు ఉంటాయి కనుక, మీ 350ని నిమిషానికి 5500 చుట్లతో గుణించి, 1728కి రెట్టింపైన 3456తో భాగిస్తే 557 వస్తుంది. సిలిండర్లు ప్రతిసారీ నూటికి నూరుపాళ్లు నిండవు. మీ కారులో ఉన్నటువంటి మామూలు ఇంజన్‌లో 85 శాతం నిండితే మంచిదే. అంటే మీ ఇంజన్ తన పూర్తి వేగంలో అడిగే గాలి సుమారు 470 సీఎఫ్ఎం. పైగా ఊళ్లో తిరిగే కారు 5500 చుట్ల దాకా వెళ్లే సందర్భం నెలకొకసారి వస్తుందో రాదో. 600 సీఎఫ్ఎం కార్బ్యురేటర్ ఈ ఇంజన్‌కు ధారాళంగా సరిపోతుంది.

పెద్దది పెడితే నష్టమేమిటి, అవసరమైనంతే పీల్చుకుంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. కార్బ్యురేటర్ నడకలో పెట్రోల్‌ను లోపలికి తోసేది పంపు కాదు. వెంచురీ అనే సన్నని నడుము దగ్గర గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఫ్లోట్ గిన్నెలో (తేలే బుడ్డి మట్టం కాపాడే చిన్న తొట్టిలో) ఉన్న పెట్రోల్‌ను బయటి గాలి ఒత్తిడే నాజిల్ వైపు నెడుతుంది. నడుము అవసరానికి మించి వెడల్పుగా ఉంటే, తక్కువ వేగంలో గాలి నింపాదిగా పోయి ఆ లాగుడు బలహీనమవుతుంది; వచ్చిన పెట్రోల్ కూడా సన్నని తుంపరగా విడిపోక, బొట్లుగా మానిఫోల్డ్ గోడలకు అంటుకుంటుంది. ఆ లోటును కప్పిపుచ్చడానికి ఎవరో ఒకరు పెద్ద జెట్లు (పెట్రోల్‌ను కొలిచి వదిలే రంధ్రపు మరలు) వేసి ఉంటారు. కళ్లు మండించే పొగ అక్కడి నుంచి వస్తోందని నా అనుమానం.

డబుల్ పంపర్‌లో దీనికి తోడు మరొకటి ఉంది. వెనుక ఉండే రెండు సెకండరీ తలుపులూ ముందు తలుపులతో కడ్డీ ద్వారా ముడిపడి ఉంటాయి, కనుక మీ పాదం ఎంత చెబితే అంత తెరుచుకుంటాయి. ఇంజన్‌కు ఆ గాలి కావాలా వద్దా అని అడిగేవారు లేరు. ఒక్కసారిగా గాలి విరుచుకుపడి పెట్రోల్ వెనుకబడే ఆ క్షణాన్ని పూడ్చడానికే దానికి రెండో యాక్సిలరేటర్ పంప్ పెట్టారు. తేలికైన బండి, చేత్తో మార్చే గేర్లు, 3.73 లేదా అంతకన్నా ఎక్కువ యాక్సిల్ నిష్పత్తి ఉన్నచోట ఈ ఏర్పాటు అద్భుతంగా పనిచేస్తుంది. బరువైన షెవెల్‌కు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో, సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు నడిచే జీవితానికి అది తగిన వస్తువు కాదు. దాన్ని మంచి ధరకు అమ్మేయండి. సరైన ఇంజన్ ఉన్నవారికి అది పనికొస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. హాలీ 4150 రకం 1957లో ఫోర్డ్ కార్లతో రోడ్డెక్కింది. దాని తోబుట్టువు 4160 కొంత పొట్టిగా ఉండి, సెకండరీ వైపు జెట్లున్న దిమ్మెకు బదులు ఒక రేకు పలకతో సరిపెట్టుకుంటుంది. మీ అవసరానికి హాలీ నుంచి ఎంచుకోవలసింది 4160 కుటుంబంలోని 600 సీఎఫ్ఎం, వాక్యూమ్ సెకండరీలు, ఎలక్ట్రిక్ చోక్ (చల్లని ఇంజన్ అందుకోవడానికి గాలిని తగ్గించే తలుపు) ఉన్న 0-80457 రకం. ఇందులో సెకండరీ తలుపులను తెరిచేది మీ పాదం కాదు, ముందు వెంచురీలో పుట్టిన లాగుడును అందుకునే ఒక డయాఫ్రమ్. ఇంజన్‌కు గాలి నిజంగా చాలనప్పుడే అది కదులుతుంది. ఎంత త్వరగా కదలాలో దానిలోని స్ప్రింగ్ మార్చి నిర్ణయించుకోవచ్చు.

హాలీలో నాకు బాగా నచ్చేది, దానిలో మార్చలేని భాగమంటూ దాదాపు లేకపోవడం. జెట్లు, పంప్ క్యామ్‌లు, స్క్విర్టర్లు, పవర్ వాల్వులు అమెరికాలో ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతాయి. గిన్నె పక్కనున్న చిన్న బిరడా తీసి, పెట్రోల్ ఆ రంధ్రం అడుగు అంచును తాకుతోందా అని చూస్తూ, ఇంజన్ నడుస్తుండగానే ఫ్లోట్ మట్టం సరిచేసుకోవచ్చు. నచ్చనిది, ఒక్క జెట్ మార్చాలన్నా గిన్నెలోని పెట్రోల్ ఖాళీ చేసి, నాలుగు మరలు విప్పి, గిన్నెను ఊడదీయాలి. వేడి మానిఫోల్డ్ మీద పెట్రోల్ ఒలికే ప్రమాదం ప్రతిసారీ ఉంటుంది. ఆ గిన్నెల గ్యాస్కెట్లు పెట్రోల్ మట్టానికి దిగువన ఉంటాయి కనుక, వారాల తరబడి కదలని కారులో అవి ఎండి కారడం మామూలే. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉండి, పిల్లలు తిరిగే చోట ఆ వాసనను నేను తేలిగ్గా తీసుకోలేను.

పవర్ వాల్వ్ గురించి తెలియక చాలామంది మంచి హాలీని తిట్టిపోస్తారు. ఇంజన్ మీద బరువు పడి వాక్యూమ్ తగ్గినప్పుడు అదనపు పెట్రోల్‌కు దారి తెరిచే వాల్వ్ ఇది. దానిమీద 65 అని ఉంటే వాక్యూమ్ ఆరున్నర అంగుళాల దిగువకు పడినప్పుడు తెరుచుకుంటుందని అర్థం. గేరులో ఉన్నప్పటి ఐడిలింగ్ వాక్యూమ్‌లో సుమారు సగం ఎంచుకోవడం వాడుక. మీకు 14 ఉంది కనుక మామూలుగా వచ్చే 65 చక్కగా సరిపోతుంది. పాత హాలీలలో ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు, దాని డయాఫ్రమ్ చిరిగి పచ్చి పెట్రోల్ నేరుగా మానిఫోల్డ్‌లోకి కారేది. 1990ల నుంచి వస్తున్నవాటిలో దీనికి ఒక బంతి వాల్వ్ రక్షణ ఉంది. వాడిన హాలీ కొనేవారు ఐడిలింగ్‌లో, ఆ వేగానికి పెట్రోల్ పాలును సవరించే రెండు మిక్చర్ స్క్రూలనూ మెల్లగా పూర్తిగా బిగించి చూడాలి. ఇంజన్ ఆగిపోకపోతే, పవర్ వాల్వ్ కారుతోందనో, థ్రాటిల్ తలుపులు ఎక్కువగా తెరిచి పెట్టారనో గ్రహించాలి.

ఎడెల్‌బ్రాక్ పెర్‌ఫార్మర్‌కు మూలరూపం కార్టర్ సంస్థ 1957లో తెచ్చిన ఏఎఫ్‌బీ. ఇందులో ఫ్లోట్ గిన్నెలు ప్రధాన దిమ్మెలోనే పోతపోసి ఉంటాయి, పై మూత అతుకు పెట్రోల్ మట్టానికి ఎగువన ఉంటుంది. కాబట్టి కారడానికి చోటే తక్కువ. పవర్ వాల్వ్‌కు బదులు రెండు మీటరింగ్ రాడ్లు జెట్లలో వేలాడుతూ, వాక్యూమ్ బలంగా ఉన్నప్పుడు కిందికి దిగి పెట్రోల్‌ను తగ్గిస్తాయి, వాక్యూమ్ పడినప్పుడు స్ప్రింగ్ వాటిని పైకి లేపితే ఎక్కువ పెట్రోల్ పోతుంది. కార్బ్యురేటర్‌ను మానిఫోల్డ్ నుంచి దింపకుండా, పైన ఒక్కొక్క చిన్న మర వదులు చేసి రాడ్లనూ, స్ప్రింగులనూ ఐదు నిమిషాల్లో మార్చవచ్చు. స్ప్రింగులకు రంగులున్నాయి: వాక్యూమ్ 5 అంగుళాలకు పడినప్పుడు నారింజ రంగుది, 7 అంగుళాలకు పడినప్పుడు గులాబీది రాడ్లను లేపుతాయి. మీ 14 అంగుళాలకు నారింజతో మొదలుపెట్టి, యాక్సిలరేటర్ సగం తొక్కినప్పుడు తడబాటు కనిపిస్తే గులాబీకి వెళ్లండి.

దీని బలహీనతలు రెండు. మొదటిది పెట్రోల్ ఒత్తిడి. 5.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దగ్గర ఇది హాయిగా ఉంటుంది, 6.5 దాటితే ఫ్లోట్ సూది తన పీటం మీద నిలవలేక ఓవర్‌ఫ్లో అవుతుంది. పాత యజమాని గొప్పకోసం పెద్ద పంప్ వేయించి ఉంటే, ముందు ఒక గేజ్ పెట్టి కొలిచి, అవసరమైతే రెగ్యులేటర్ బిగించండి. రెండోది వేడి. గిన్నెలు మానిఫోల్డ్‌కు దగ్గరగా ఉండడం వల్ల, ఆస్టిన్ ఎండలో ఇంజన్ ఆపిన తర్వాత అడుగునుంచి ఎగసే వేడికి పెట్రోల్ మరిగి, గొంతులోకి కారి, మళ్లీ స్టార్ట్ చేసేసరికి సిలిండర్లు తడిసిపోతాయి. 10 శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోల్ పాతకాలపు పెట్రోల్ కన్నా త్వరగా ఆవిరి పడుతుంది. మీ మూడో ఫిర్యాదు ఇదే జబ్బు కనుక, ఏ బ్రాండు కొన్నా దీనికి మందు వేయాల్సిందే. కార్బ్యురేటర్ కింద మందపాటి వేడి నిరోధక గ్యాస్కెట్ గాని, అర అంగుళం ఫినాలిక్ ప్లాస్టిక్ స్పేసర్ గాని పెట్టండి. పెట్టే ముందు బానెట్ మూస్తే ఎయిర్ క్లీనర్ తగలదని నిర్ధారించుకోండి. షెవర్లే మానిఫోల్డ్ మధ్యలో చలి ప్రాంతాల కోసం పొగ వేడిని కార్బ్యురేటర్ కిందికి పంపే దారి ఒకటుంది. టెక్సస్‌లో అది అక్కరలేదు. ఎప్పుడైనా మానిఫోల్డ్ విప్పితే, ఆ దారి మూసేసే గ్యాస్కెట్లు వేయించండి.

మీ స్థానంలో నేనుంటే ఎడెల్‌బ్రాక్ కొంటాను. అందులోనూ సాదా 600 సీఎఫ్ఎం 1406 కన్నా ఏవీఎస్-2 తరగతిలోని 650 సీఎఫ్ఎం 1906 వైపు మొగ్గుతాను. 470 చాలని లెక్కగట్టి 650 ఎందుకు చెబుతున్నానని మీరు నిలదీయవచ్చు. దీని సెకండరీల పైన గాలి ప్రవాహం బట్టి తెరుచుకునే ఒక వాల్వ్ ఉంది. పాదం అడిగినా ఇంజన్ అడిగేదాకా అది అడ్డుపడుతుంది, దాని బిగువును మరతో సవరించవచ్చు. ప్రైమరీలలోని బూస్టర్లు (వెంచురీ నడుమ పెట్రోల్‌ను వదిలే భాగాలు) ఉంగరం ఆకారంలో చుట్టూ రంధ్రాలతో ఉండి, తక్కువ వేగంలోనే పెట్రోల్‌ను సన్నగా చీలుస్తాయి. సిగ్నల్ దగ్గర మీరు పడుతున్న బాధకు ఈ రెండూ సూటిగా పనికొస్తాయి. ధర ఎక్కువనిపిస్తే 1406 తీసుకోండి, నష్టపోరు; అది పొదుపు వైపు కాస్త పలుచన మిశ్రమంతో వస్తుంది కనుక రాడ్లు ఒక మెట్టు మార్చుకోవలసి రావచ్చు. వాక్యూమ్ సెకండరీల హాలీని నేను ఎవరికి సిఫారసు చేస్తానంటే, రేపు ఇంజన్ వాల్వులను తెరిచే క్యామ్ మార్చే ఆలోచన ఉన్నవారికీ, ప్రతి శనివారం ఇంజన్ దగ్గర గడపడమే ఆనందంగా భావించేవారికీ.

పాత యజమాని తీసేసిన భాగాలు ఏ అట్టపెట్టెలోనైనా మీకిచ్చాడేమో ఒకసారి వెతకండి. 1972లో ఈ కారు 350 ఇంజన్‌తో రెండు రకాలుగా వచ్చింది, 165 గుర్రాల శక్తితో రెండు బ్యారెళ్ల (గాలి నోళ్ల) కార్బ్యురేటర్‌ది, 175తో నాలుగు బ్యారెళ్లది. రెండోదానిమీద ఉండేది రోచెస్టర్ క్వాడ్రాజెట్. దాని ముందు నోళ్లు అంగుళం మూడు ఎనిమిదో వంతులు మాత్రమే, వెనుకవి రెండుంపావు అంగుళాలు. అందుకే అది 750 సీఎఫ్ఎం అయినా చిన్నదానిలా పొదుపుగా నడిచి, అవసరమైనప్పుడే నోరు తెరుస్తుంది. మంచి స్థితిలో ఉన్న క్వాడ్రాజెట్ దొరికి, థ్రాటిల్ షాఫ్ట్ దగ్గర అరుగుదలను బుష్‌లతో సరిచేసే పనివాడు ఉంటే, ఊళ్లో తిరిగే షెవెల్‌కు అంతకు మించిన కార్బ్యురేటర్ లేదని నా నమ్మకం. అయితే మీ అల్యూమినియం మానిఫోల్డ్ నోరు సమాన రంధ్రాలదా, క్వాడ్రాజెట్‌కూ పట్టే జమిలి రకమా చూడాలి. అడాప్టర్ పలకలతో అతికించడం నాకు ఇష్టం లేదు, గాలి దారి అక్కడ అకస్మాత్తుగా మలుపు తిరుగుతుంది.

బిగించేటప్పుడు రెండు విషయాలు మరవకండి. ఎలక్ట్రిక్ చోక్‌కు తాళం తిప్పినప్పుడు మాత్రమే వచ్చే పూర్తి 12 వోల్టుల తీగ కావాలి. ఇగ్నిషన్ కాయిల్ నుంచి తీసుకుంటే చోక్ సరిగా తెరుచుకోదు, కాయిల్ కూడా నీరసిస్తుంది. మీ గేర్‌బాక్స్‌కు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గేరు దించే కేబుల్ ఒకటి ఉంటుంది, దానికి తగిన బ్రాకెట్ కార్బ్యురేటర్‌తో పాటే కొనండి.

అన్నింటికీ ముందు ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) చూపించండి. ఒకసారి నేను ఒక మిత్రుడి కారుకు మూడు ఆదివారాలు జెట్ల మీద జెట్లు మార్చాను. చివరికి డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం పగిలి ఉందని తేలింది. పది రూపాయల రబ్బరు ముక్కతో పోయే జబ్బుకు వందల డాలర్ల కార్బ్యురేటర్ కొనేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ప్రశ్న: కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటాను. నా 1966 మస్టాంగ్‌లో 289 ఇంజన్ మీద ఆటోలైట్ రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉంది. నాలుగు బ్యారెళ్లది వేస్తే పికప్ బాగుంటుందంటున్నారు. 600 హాలీ వేయనా? ప్రభుత్వ తనిఖీతో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు తయారైన పెట్రోల్ కార్లకు స్మాగ్ (పొగ కాలుష్యం) తనిఖీ లేదు కనుక మీకు ఆ బెంగ అక్కరలేదు. 1976 నుంచి వచ్చిన కార్లున్నవారు మాత్రం, ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు అనుమతి సంఖ్య ఉన్న కార్బ్యురేటర్ తప్ప వేరొకటి బిగిస్తే తనిఖీలో తప్పుతారు. వారికి బ్రాండు ఎంపిక ఆ సంఖ్యతోనే మొదలవ్వాలి.

మీ 289కి పై లెక్కే వేస్తే 5500 చుట్ల దగ్గర నూరు శాతానికి 460, ఆచరణలో 390 సీఎఫ్ఎం వస్తుంది. కాబట్టి 600 వద్దు. నాలుగు బ్యారెళ్లే కావాలంటే 500 సీఎఫ్ఎం, ఎలక్ట్రిక్ చోక్ ఉన్న ఎడెల్‌బ్రాక్ 1403 సరైన కొలత. దానితో పాటు మానిఫోల్డ్ కూడా మార్చాలి. రెండు బ్యారెళ్ల అంకెలను నాలుగు బ్యారెళ్లవాటితో నేరుగా పోల్చకండి. మొదటివాటిని 3 అంగుళాల పాదరసం ఒత్తిడి తేడాతో, రెండోవాటిని ఒకటిన్నర అంగుళాలతో కొలుస్తారు. రెండు బ్యారెళ్ల 500 అంటే నాలుగు బ్యారెళ్ల లెక్కలో సుమారు 354.

మీ ఉత్తరంలో ఇప్పుడున్నదానితో ఫలానా ఇబ్బంది ఉందని ఎక్కడా రాయలేదు. ఆటోలైట్ 2100 చాలా గట్టి కార్బ్యురేటర్. ఉంగరపు బూస్టర్లు అందులో ఆనాడే ఉన్నాయి. దాని పక్కన 1.08 వంటి అంకె పోత పోసి ఉంటుంది, అది వెంచురీ వ్యాసం. కొత్త గ్యాస్కెట్లు, పంప్ డయాఫ్రమ్ ఉన్న కిట్ తెచ్చి, విప్పి శుభ్రం చేసి బిగించండి. అప్పటికీ పికప్ చాలదనిపిస్తే 1403 గురించి ఆలోచించండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా నాన్నగారి 1997 మారుతీ 800 ఇంకా నడుపుతున్నాను. మెకానిక్ పాత మికునీ కార్బ్యురేటర్ అరిగిపోయిందనీ, ఊరూ పేరూ లేని కొత్తది తక్కువ ధరకు వస్తుందనీ అంటున్నాడు. మార్చేయనా?

జవాబు: తొందరపడకండి. మన దేశంలో మికునీ కార్బ్యురేటర్లను చెన్నైకి చెందిన యూకాల్ సంస్థ జపాన్ సహకారంతో తయారుచేసింది. మీ కారు 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ కొలతలకు సరిపోయేలా జెట్లు కూర్చిన వస్తువు అది. పేరులేని నకళ్లలో బయటి రూపం అచ్చంగా కుదురుతుంది గాని, జెట్ రంధ్రాల కొలతలు, సెకండరీ డయాఫ్రమ్ బిగువు ఒకదానికొకటి పొసగవు. ఐడిలింగ్ సరిచేస్తే పికప్ పోతుంది, పికప్ సరిచేస్తే మైలేజీ పోతుంది.

ముందుగా థ్రాటిల్ షాఫ్ట్‌ను వేలితో అటూఇటూ ఊపి చూడమనండి. ఊగులాట లేకపోతే కార్బ్యురేటర్ అరిగిపోలేదు, మురికిపట్టిందంతే. విప్పి, జెట్లలో తీగలు గుచ్చకుండా గాలితో ఊది, మంచి కిట్ వేస్తే సరిపోతుంది. ఊగుతుంటే లేత్ పని తెలిసినవారితో బుష్ వేయించండి. వాక్యూమ్ గొట్టాలన్నీ ఒకేసారి మార్పించండి, ఆ వయసు కారులో అవి పగిలి గాలి పీలుస్తుంటాయి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంది. మామూలు పెట్రోల్‌కు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ మిశ్రమానికి దాదాపు 13.5 చాలు, కాబట్టి 1997 నాటి జెట్లతో మిశ్రమం కొంత పలచబడి, చల్లని ఉదయాల్లో మిస్సింగ్, తొక్కినప్పుడు తడబాటు వస్తాయి. దీన్ని మెకానిక్ అరుగుదల అనుకునే అవకాశం ఉంది. మిక్చర్ స్క్రూను కాస్త సవరించి, పొల్యూషన్ పరీక్ష కేంద్రంలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) శాతం చూసుకుంటూ నిలపాలి. కొనే కిట్‌లోని రబ్బరు భాగాలూ, పెట్రోల్ గొట్టాలూ ఇథనాల్‌ను తట్టుకునే రకమేనా అని దుకాణంలో గట్టిగా అడిగి తీసుకోండి. పాత గొట్టాలు ఉబ్బి, మెత్తబడి, ఇంజన్ వేడి మీద కారడం మొదలుపెడితే అది మైలేజీ సమస్య కాదు, నిప్పు ప్రమాదం.